గుడి వాకిట్లో మూడో మాట

కిందటివారం ఓడ ఎక్కిన సంబరమూ, మొదటి రాత్రి సముద్రం మీద కడుపులో తిప్పిన అవస్థా రాశాను కదా! ఈ వారం ఒడ్డు సంగతులు. ఓడ ఆగిన ప్రతి రేవులోనూ మనల్ని బస్సుల్లో ఎక్కించి, చుట్టుపక్కల చూడవలసినవి చూపించి, సాయంత్రానికల్లా మళ్ళీ ఓడలో దింపేస్తారు. ఆ తిరుగుళ్ళన్నిటిలోకీ నా మనసులో నిలిచిపోయింది గ్రీసు దేశంలోని డెల్ఫీ. కొండ చరియ మీద రెండువేల మూడువందల ఏళ్ళకి పైబడిన గుడి శిథిలాలు.

కొత్తగా చదివేవారి కోసం రెండు ముక్కలు. మాకు తణుకులో రంగుల కొట్టు ఉంది. అమ్మకాల టార్గెట్ దాటిన డీలర్లని కంపెనీవాళ్ళు భార్యలతో సహా 2024 మే నెలలో ఈ ప్రయాణానికి తీసుకువెళ్ళారు. లేకపోతే మాబోటివాళ్ళం గ్రీసు ఎక్కడ, ఓడ ఎక్కడ!

అయితే డెల్ఫీకి వెళ్ళేరోజున మావారికీ నాకూ మాటల్లేవు. ఇంట్లో గొడవ తీరకుండా తీర్థానికి బయల్దేరితే ఎలా ఉంటుందో అలా ఉంది మా పరిస్థితి. ఆ గొడవేమిటో చెప్పకపోతే డెల్ఫీ సంగతి సగమే చెప్పినట్టవుతుంది.

2011లో మావారు ఒక స్నేహితుడికి చీటీ డబ్బు కోసం ష్యూరిటీ సంతకం పెట్టారు. చీటీ పాడుకుని డబ్బు తీసుకున్న పెద్దమనిషి ఏడాది తిరక్కుండా ఊరు విడిచి వెళ్ళిపోయాడు. మిగిలిన వాయిదాలన్నీ మా మెడకి చుట్టుకున్నాయి. నాలుగు లక్షల అరవై వేలు. మూడేళ్ళపాటు కట్టాం. మా అమ్మ పెట్టిన నాలుగుపేటల గొలుసు అందులోనే పోయింది. ఆ తర్వాత పదమూడేళ్ళు నేను ఆయన్ని వదిలిపెట్టలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయనంటే, ‘మీ సంతకం కంటే ఎక్కువా?’ అనేదాన్ని.

ఇప్పుడు మా తమ్ముడి వంతు వచ్చింది. వాడు భీమవరం దగ్గర రొయ్యల చెరువులు లీజుకి తీసుకుని, పన్నెండు లక్షల బ్యాంకు అప్పుకి బావగారి సంతకం కావాలన్నాడు. అమ్మ రోజూ ఫోను. నేనూ మావారిని రోజూ పోరడం. “పరాయివాడికి పెట్టినప్పుడు చెయ్యి వణకలేదు. నా తమ్ముడనేసరికి వణుకుతోందా?” అన్నాను, ఓడ ఎక్కిన మూడోరోజు రాత్రి. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “అప్పుడు పెట్టినందుకు పదమూడేళ్ళు తిట్టావు. ఇప్పుడు పెట్టనందుకు తిడుతున్నావు. నేనేం చెయ్యాలో నువ్వే చెప్పు” అని అటు తిరిగి పడుకున్నారు.

తెల్లవారేసరికి ఓడ ఇటియా అనే చిన్న ఊరి ముందు ఆగింది. ఓడ దూరంగానే లంగరు వేసుకుంటే, చిన్న పడవల్లో మమ్మల్ని ఒడ్డుకు చేర్చారు. చిన్నప్పుడు స్కూలువాళ్ళు నాగార్జునకొండకి లాంచీలో తీసుకువెళ్ళింది గుర్తొచ్చింది. బస్సు నంబరు రాసిన కాగితం బిళ్ళ ఒకటి చున్నీకి అంటించారు. పడవలో ఆయన ఆ చివర, నేను ఈ చివర.

రేవు దాటగానే ఆలివ్ తోటలు. ఒకటీ రెండూ కాదు, కొండ మొదలు నుంచి సముద్రం దాకా లోయంతా లక్షల చెట్లు. దూరాన్నుంచి చూస్తే ఆ బూడిదరంగు ఆకుపచ్చ కూడా నీళ్ళలాగే కదులుతూ ఉంటుంది. వందల ఏళ్ళ చెట్లట. మొదళ్ళు మన చింతచెట్ల మొదళ్ళలాగా మెలికలు తిరిగి ఉన్నాయి. బస్సు మలుపులు తిరుగుతూ అరగంటలో పైకెక్కింది. పార్నసస్ అనే ఆ పర్వతం ఎత్తు 2,457 మీటర్లు. గుడి ఉన్నది శిఖరం మీద కాదు, ఇంకా చాలా కిందన, నిటారైన రెండు కొండగోడల పాదాల దగ్గర. కింద లోయ, దూరంగా నీలంగా సముద్రం, అందులో బొమ్మలా మా ఓడ. అలాంటిచోట దేవుడు ఉంటాడని అనుకోవడానికి పురాణం అక్కర్లేదనిపించింది.

మా గైడు నా ఈడు మనిషే. నెమ్మదిగా, విడమరిచి ఇంగ్లీషు మాట్లాడింది కనుక నా ఇంటర్ చదువుకి చాలావరకు అందింది. అందనిది పక్కనున్న విజయవాడ డీలరుగారి భార్య చెప్పారు.

గ్రీకుల పురాణం ప్రకారం, వాళ్ళ దేవరాజు జ్యూస్ లోకం రెండు కొసల నుంచీ రెండు గద్దల్ని వదిలాడట. అవి ఎదురుపడ్డ చోటు డెల్ఫీ. అందుకని అది భూమికి బొడ్డు. ఆ గుర్తుకి ఒక రాతిని కూడా పెట్టుకున్నారు. ఇక్కడి దేవుడు అపోలో. ఈయన సన్నిధిలో ప్రశ్న అడిగితే జవాబు వస్తుంది. రాజులు యుద్ధాలకి ముందూ, ఊళ్ళు కొత్త వలసలకి ముందూ ఇక్కడికి మనుషుల్ని పంపేవారు.

జవాబు చెప్పేది ఎవరనుకున్నారు? ఒక ఆడమనిషి. ఆవిడని పిథియా అనేవారు. మొదట్లో కన్నెపిల్లల్ని పెట్టేవారట గానీ, తర్వాతి కాలంలో యాభై దాటినవాళ్ళనే పెట్టారు. పెద్దావిడకి కన్నెపిల్ల బట్టలు కట్టి మూడుకాళ్ళ పీట మీద కూర్చోబెట్టేవారు. నెలకి ఒక్కరోజు, ఏడో తేదీన. చలికాలం మూడు నెలలు అదీ లేదు, దేవుడు ఊళ్ళో ఉండడని. ప్రశ్నకి ముందు ఒక మేక మీద చన్నీళ్ళు చల్లేవారు. అది ఒళ్ళు విదిలిస్తేనే దేవుడు ఒప్పుకున్నట్టు. నేను, విజయవాడావిడ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. మన ఊళ్ళ జాతరలో వేపాకు నీళ్ళు చల్లి చూసేది అదేగా! సికింద్రాబాదు మహంకాళి గుడిలో బోనాల మర్నాడు పచ్చికుండ మీద నిలబడి ‘రంగం’ చెప్పే అమ్మాయి కూడా నాకు గుర్తొచ్చింది.

ప్లూటార్క్ అనే ఆయన సుమారు రెండువేల ఏళ్ళ క్రితం ఈ గుడిలోనే పూజారిగా ఉండి ఎన్నో సంగతులు రాసిపెట్టాడు. తన కాలం పిథియా బీద రైతు ఇంట్లో పెరిగిన మనిషనీ, చదువూ కళలూ ఏవీ నేర్వలేదనీ రాశాడట. అంటే వంటా పాడీ చూసుకునే మనలాంటి ఇంటినుంచే! రాజులు ఆవిడ మాట కోసం వాకిట్లో నిలబడేవారు. ఇంకోమాట కూడా ఆయనే రాశాడు, లోపలికి వెళ్ళి ప్రశ్న అడగడానికి ఆడవాళ్ళకి వీల్లేదని. జవాబు చెప్పడానికి ఆడది కావాలి, అడగడానికి మాత్రం పనికిరాదు. బాగానే ఉంది వరస అనుకున్నాం.

అడిగేవాళ్ళంతా రాజులేననుకోకండి. తన రోజుల్లో జనం అడిగే ప్రశ్నలు ఎలాంటివో ప్లూటార్కే చెప్పాడు: పెళ్ళి చేసుకోవచ్చా, ఓడ ప్రయాణం చెయ్యవచ్చా, అప్పు ఇవ్వవచ్చా. గైడు ఈ మాట అనగానే నాకు తెలియకుండానే మావారి వైపు చూశాను. ఆయనా ఇటే చూస్తున్నారు. ఇద్దరం తలలు తిప్పుకున్నాం.

గుడికి వెళ్ళే దారి మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. దారికి అటూ ఇటూ ఒక్కో ఊరివాళ్ళు కట్టించుకున్న కానుకల గదులు. అన్నీ పడిపోగా, ఏథెన్స్ ఊరివారి పాలరాతి గదిని పడిపోయిన రాళ్ళతోనే 1903 నుంచి 1906 దాకా తిరిగి నిలబెట్టారు. ఈ శిథిలాల మీద ఒకప్పుడు కాస్త్రి అనే పల్లె ఉండేది. 1892లో ఫ్రెంచివాళ్ళు పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలుపెట్టడానికి ఆ పల్లెని మొత్తం లేపి పక్కకి మార్చారు. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు పొయ్యి రాళ్ళు ఎత్తుకుని వెళ్ళేటప్పుడు ఏమనుకున్నారో మరి.

గుడి అరుగు కింద ఒక పెద్ద గోడ ఉంది. పలకల పనసలా, వంకర అంచుల రాళ్ళని ఒకదానికొకటి అతికినట్టు పేర్చారు. దగ్గరికి వెళ్ళి చూస్తే రాళ్ళ నిండా చీమల బారుల్లాగా సన్నటి అక్షరాలు. అవన్నీ ఏమిటంటే బానిసల విడుదల పత్రాలు! బానిసని దేవుడికి అమ్మినట్టు రాసుకునేవారట. వెల ఇంత అని, సాక్షులు ఫలానావారని, ఈ అమ్మకానికి పూచీ ఫలానావాడని పేర్లతో సహా చెక్కించేవారు. దేవుడు కొన్నాడు కనుక ఇక మనుషులెవరూ కొనడానికి వీల్లేదు. ఇలాంటివి వందలకొద్దీ ఉన్నాయి. విడుదలైన వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. కొందరికి షరతులు కూడా ఉండేవి, యజమాని బతికున్నంతకాలం అక్కడే ఉండి చాకిరీ చెయ్యాలని. ఆ రాళ్ళని ముట్టుకోనివ్వరు గానీ, నాకు చెయ్యి వెయ్యాలనిపించింది. 

గోడ మీదుగా చుట్టి పైకి వెళితే గుడి. క్రీ.పూ. 373లో భూకంపానికి పాత గుడి కూలిపోతే, క్రీ.పూ. 330 ప్రాంతానికి మళ్ళీ కట్టుకున్న గుడి ఇది. ఇప్పుడు మిగిలింది అరుగూ, ఈ మధ్యకాలంలో తిరిగి నిలబెట్టిన ఆరు స్తంభాలూ. లోపలికి వెళ్ళనివ్వరు, పక్కనుంచి చూడడమే.

అక్కడ నిలబడి గైడు లిడియా రాజు క్రీసస్ కథ చెప్పింది. పారశీకుల మీదికి యుద్ధానికి వెళ్ళనా అని ఆయన అడిగించాడు. వెళితే ఒక పెద్ద రాజ్యం కూలుతుందని జవాబొచ్చింది. సంబరపడి వెళ్ళాడు. కూలింది ఆయన రాజ్యమే. తనకి కావలసిన జవాబు తనే వినేసుకున్నాడు పాపం.

తర్వాత, ఈ గుడి ముందు మండపంలో పూర్వం మూడు మాటలు చెక్కి ఉండేవని చెప్పింది. ఇప్పుడవి కనిపించవు. మొదటిది, నిన్ను నువ్వు తెలుసుకో. రెండోది, ఏదీ అతి చెయ్యకు. ఈ రెండూ మన పెద్దలూ చెప్పినవే కనుక అందరం తలలూపాం. మూడోదాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు అంటూ గైడు నవ్వుతూ చెప్పింది: ఎవరికైనా పూచీ పడ్డావా, చేటు పక్కనే ఉంటుంది.

విజయవాడావిడ తెలుగులో చెప్పేదాకా ఆగక్కర్లేకపోయింది. ‘ష్యూరిటీ’ అన్న ఇంగ్లీషు ముక్క మా ఇంట్లో పదమూడేళ్ళ నుంచీ నలిగినదే కదా!

ఇంకా పైకి ఎక్కితే అయిదువేలమంది కూర్చునే రాతిమెట్ల నాటకశాల. మోకాళ్ళు పట్టేసి నేను ఒక పక్కన చతికిలబడ్డాను. ఆయన వచ్చి నీళ్ళ సీసా అందించి పక్కన కూర్చున్నారు. కిందన గుడీ, లోయా, ఆలివ్ తోటలూ పరుచుకుని ఉన్నాయి.

“మూడో మాట మీకే రాశారు” అన్నాను.

“అప్పుడు నాకు. ఈసారి నీకు” అన్నారు.

కోపం రాలేదు. నిజమే అనిపించింది. అప్పుడు మెల్లిగా అడిగాను, అసలు మీ భయమేమిటి అని. ఇన్నాళ్ళూ అడగనే లేదు, పోరానంతే. కొట్టు సరుకు మీద బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్టు ఉందనీ, ఇంకో పన్నెండు లక్షలకి హామీ పడితే దాని మీద దెబ్బ పడొచ్చనీ, అమ్మాయి పై చదువు అప్పుకి వచ్చే ఏడాది తనే సంతకం పెట్టాలనీ చెప్పారు. “ఈ సంగతి ఇంట్లోనే చెప్పచ్చుగా?” అంటే, “చెపితే నా తమ్ముడంటే లెక్కలేదంటావు” అన్నారు. అనేదాన్నే.

“మరి కింద గోడ మీదా పూచీ పడ్డవాళ్ళ పేర్లున్నాయిగా! వాళ్ళెవరూ ముందుకు రాకపోతే ఆ ఆడవాళ్ళ గతేమిటి?” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “వాళ్ళు దేనికి పూచీ పడుతున్నారో ఆ రాతి మీదే రాసుంది. ఎవరు, ఎంత, ఏ షరతు మీద అన్నీ. నేను ఆ చీటీ కాగితం చదవకుండా సంతకం పెట్టాను” అన్నారు. పదమూడేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.

దిగేటప్పుడు ఆ గోడ దగ్గర మళ్ళీ ఆగాం. బస్సుకి ఆలస్యమవుతోందని గైడు కేకేసింది.

మ్యూజియంలో అరగంటే ఇచ్చారు. క్రీ.పూ. 5వ శతాబ్దపు కంచు సారథి విగ్రహం చూసితీరాలి. పగ్గాలు పట్టుకుని నిలబడ్డ కుర్రాడు. పొదిగిన కళ్ళు, కంటి వెంట్రుకలతో సహా, నిజంగా చూస్తున్నట్టే ఉంటాయి. నన్ను కదిలించినవి మాత్రం జంటగా నిలబెట్టిన ఇద్దరన్నదమ్ముల రాతి విగ్రహాలు. క్లియోబిస్, బిటన్ అంటారు. తల్లి గుడికి వెళ్ళాలి, ఎడ్లు వేళకి రాలేదు. కొడుకులిద్దరూ కాడి భుజాన వేసుకుని ఎనిమిది కిలోమీటర్లు బండి లాగారు. మన శ్రవణకుమారుడే అనుకోండి! తల్లి మురిసిపోయి, మనిషికి దక్కే వాటిలో అన్నిటికంటే మేలైనది నా బిడ్డలకి ఇమ్మని దేవతని కోరింది. ఆ రాత్రి గుడిలో పడుకున్న కొడుకులు మరి లేవలేదు. బాధ తెలియని చావు కంటే మేలేముంది అన్నది ఆ కథ చెప్పినవాళ్ళ భావం. తల్లినైన నాకు అది మింగుడుపడలేదు. ఆ దేవత ఏమి ఇవ్వబోతోందో తెలిస్తే ఏ తల్లి అలా కోరుతుంది? నేనూ ఆయన్ని అలాగే కదా అడిగాను, ఏమి వస్తుందో చూసుకోకుండా!

ఇంటికొచ్చాక బ్యాంకులో పనిచేసే మా ఆడపడుచు భర్తని కనుక్కున్నాం. మనవాళ్ళలో చాలామంది, అప్పు తీసుకున్నవాడు పూర్తిగా చేతులెత్తేశాకే మన దగ్గరికి వస్తారనుకుంటారు. మామూలుగా అలా కాదట. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, కాగితంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో పూచీ పడ్డవాడికీ అంతే బాధ్యత. బ్యాంకు నేరుగా మన తలుపే తట్టవచ్చు.

మావారు సంతకం పెట్టలేదు. తమ్ముడికి ఆ సంగతి నేనే ఫోను చేసి చెప్పాను, ఆయన చేత చెప్పించలేదు. తిరిగి రాకపోయినా మేం తట్టుకోగలిగింది లక్షన్నర. అది ఇచ్చి, వీలైనప్పుడు ఇవ్వు, లేకపోతే లేదు అన్నాను. వాడు తీసుకున్నాడు గానీ, “పర్వాలేదులే అక్కా” అన్న గొంతులో పర్వా కనిపించింది. అనుకున్న చెరువులన్నీ కాక ఒక్కదానితో సరిపెట్టుకున్నాడు. అమ్మ దసరా దాకా నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతోంది గానీ, ‘అల్లుడుగారు’ పోయి ‘మీ ఆయన’ అయింది. చెరువు కలిసొచ్చిందా లేదా అని మీరడగవచ్చు. నష్టమొస్తే నేను తెలివైనదాన్నీ, లాభమొస్తే పాపిష్టిదాన్నీ అయిపోను కనుక ఆ లెక్క ఇక్కడ రాయడం లేదు. ఒక్కటి చెప్పగలను. మా ఇంట్లో ఉప్పు ఎక్కువైతే ఇప్పుడు ఉప్పు గురించే మాట్లాడుకుంటున్నాం.

ఇక డెల్ఫీకి వెళ్ళే యోగం ఉన్నవాళ్ళకి నాలుగు మాటలు:

• పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. ఏళ్ళ తరబడి జనం తొక్కి రాళ్ళు నున్నగా అయిపోయాయి, చెప్పులు జారతాయి. చీరకంటే చుడీదారు సుఖం.

• దారి పొడుగునా ఎక్కుడే, నీడ తక్కువ. టోపీ, నీళ్ళ సీసా తప్పనిసరి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు గుడి దాకా వెళ్ళి ఆగిపోయినా చూడవలసింది చాలావరకు చూసినట్టే.

• సొంతంగా టాక్సీ మాట్లాడుకుంటే చవకే గానీ, ఆలస్యమైతే ఓడ ఆగదు. ఓడవాళ్ళు ఏర్పాటు చేసిన బస్సయితే దాని కోసం ఆగుతారు. ఆఖరి పడవ వేళ కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

• ఓడలో వండిన పదార్థాలు ఒడ్డుకి తీసుకువెళ్ళనివ్వలేదు. సీలు విప్పని బిస్కెట్ ప్యాకెట్లకి అభ్యంతరం చెప్పలేదు.

వచ్చేవారం, ఆ ఆలివ్ కాయల్ని వాళ్ళు ఉప్పునీళ్ళలో ఎలా ఊరవేస్తారో, మన ఊరుసిరికాయతో దానికున్న చుట్టరికమేమిటో ముచ్చటించుకుందాం.